తొగరు వేరు, మూడు రంగులు: బస్తరు వస్త్రవర్ణాల చరిత్ర

బస్తరు పల్లెల్లో ఆదివాసీ స్త్రీలు తరతరాలుగా ధరిస్తూ వచ్చిన నేతబట్టకు ‘పాటా’ అని పేరు. దళసరి నూలుతో గుంటమగ్గం మీద నేసే ఈ బట్టలో ప్రధానంగా కనిపించే రంగులు మూడే. మొదటిది చలువ చేయని నూలుకు సహజంగా ఉండే కోరా తెలుపు. రెండవది ఎండిన రక్తచందనపు చెక్కను తలపించే ముదురు ఎరుపు. మూడవది నలుపునకు చేరువైన గోధుమవర్ణం. ఇంత పరిమితమైన వర్ణసంపదతో ఇంతటి గాంభీర్యాన్ని సాధించిన వస్త్రాలు భారతీయ చేనేతలో అరుదు.

నేడు వస్త్రరూపకల్పన చేసేవారు, ముఖచిత్రాలు గీసేవారు, గృహాలంకరణ నిపుణులు తమకు నచ్చిన ఒక చిత్రంలోని ప్రధాన వర్ణాలను వేరుచేసి ‘వర్ణపట్టిక’గా కూర్చుకోవడం పరిపాటి అయింది. పాటా ఛాయాచిత్రాన్ని కంప్యూటరుకు అప్పగిస్తే అది రెప్పపాటులో ఐదారు రంగులను సంఖ్యలతో సహా చూపుతుంది. ఆ సంఖ్యలతో ఏ దేశంలోనైనా, ఏ యంత్రం మీదనైనా బట్టను అచ్చువేయవచ్చు. అయితే బట్ట నుంచి రంగును విడదీసి మరొకచోటికి తరలించే ప్రయత్నం కంప్యూటరుతో మొదలైనది కాదు. దాని వెనుక రెండున్నర శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఏది గ్రంథస్థమైంది, ఏది జారిపోయింది అన్న ప్రశ్నకు సమాధానం బస్తరు వస్త్రాన్ని పరిశీలించేవారికి స్పష్టంగా లభిస్తుంది.

సరిహద్దుకు ఇరువైపులా ఒకే బట్ట

బస్తరు తెలుగువారికి పరాయి నేల కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు గోదావరి దాటి ఈ అరణ్యసీమలో రాజ్యం స్థాపించాడని బస్తరు రాజవంశపు సంప్రదాయం చెబుతుంది. నేటికీ దక్షిణాన కుంట, భోపాలపట్నం ప్రాంతాలలో తెలుగు వినిపిస్తుంది. సంస్థానంగా ఉన్న బస్తరు 1948లో మధ్యపరగణాలలో విలీనమై, ఆపై మధ్యప్రదేశ్‌లో భాగమై, 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో చేరింది. ఆనాటి సంస్థాన ప్రాంతం ఇప్పుడు పలు జిల్లాలుగా ఉంది.

పాటాలు నేసేవారు పణికా కులస్థులు. వీరిలో కబీరుపంథీయులు అనేకులు. జగదల్‌పూర్ సమీపంలోని తోకాపాల్, నగర్నార్ వంటి గ్రామాలు ఈ నేతకు పేరుపొందినవి. అదే రహదారిపై తూర్పునకు సాగితే ఒరిస్సా సరిహద్దు దాటగానే కోట్‌పాడ్ వస్తుంది. అక్కడ ఇదే బట్టను, ఇదే వేరుతో రంగువేసి, మిర్గాన్ కులస్థులు నేస్తారు. కోట్‌పాడ్ పరగణా ఒకప్పుడు బస్తరు రాజులదే. తరువాత అది జైపూరు సంస్థానాధీశుల వశమైంది. జైపూరు ఆనాటి మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాకు చేరినది గనుక, 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి కోరాపుట్ ప్రత్యేక జిల్లా అయ్యేవరకు కోట్‌పాడ్ నేతగాళ్ళు విశాఖ జిల్లా ప్రజలే. రాజ్యాల హద్దులు ఇన్నిసార్లు మారినా రంగుల హద్దు మారలేదు. తొగరు చెట్టు, దాని వేరుతో అద్దకం తెలిసిన కుటుంబాలు, ఆ బట్టను కోరి కట్టుకునే ప్రజలు ఒకచోట ఉన్నంతమేర పాటా నిలిచింది.

ఆ ప్రజల పాత్ర చిన్నది కాదు. మురియా, మాడియా, ధుర్వా, భత్రా తెగలవారు నేతగాని వద్దకు వచ్చి తమకు కావలసిన బట్ట చెప్పి నేయించుకునేవారు. పెళ్ళికి ఒక రకం, దేవతకు సమర్పించడానికి ఒక రకం, నిత్యం కట్టుకోవడానికి మరొక రకం. అంచుల వెడల్పు, కొంగు మీది పీత, చేప, శంఖం, గొడ్డలి, విల్లు వంటి బొమ్మలు అదనపు పేకతో ఏర్పడతాయి. ఎరుపు ఎక్కువయ్యేకొద్దీ వేరూ ఎక్కువ పడుతుంది, శ్రమా పెరుగుతుంది. కాబట్టి బట్టలో ఎరుపు పాలు ఎంత అన్నది అందానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఆ బట్ట విలువ, దానిని కట్టే సందర్భం ఆ పాలును బట్టే తెలుస్తాయి.

వేరు నుంచి నూలు వరకు

ఈ ఎరుపునకు మూలమైన చెట్టును హిందీలో ‘ఆల్’ అంటారు. తెలుగులో దాని పేరు తొగరు. తొగరు అనే మాటకు ఎర్రదనం అని కూడా నిఘంటుకారులు అర్థం చెప్పారు. చెట్టుకూ రంగుకూ ఒకే పేరు ఉండడాన్ని బట్టి ఈ అద్దకం తెలుగునాట కూడా ఎంత పాతదో ఊహించవచ్చు. కాఫీ మొక్క ఏ కుటుంబానికి చెందుతుందో తొగరు కూడా ఆ కుటుంబానిదే. కోస్తా ఆంధ్రంలో కలంకారీకి ఎరుపునిచ్చిన చిరివేరు, హిమాలయాల నుంచి దక్షిణపు కొండలదాకా పెరిగే మంజిష్ఠ కూడా అదే కుటుంబంలోనివి. మూడింటిలోనూ రంగు ఉండేది వేరులోనే. తొగరు వేరుపట్టలోని ప్రధాన వర్ణద్రవ్యాన్ని రసాయన శాస్త్రజ్ఞులు మోరిండోన్ అంటారు. చిరివేరులో ఉండేది అలిజరిన్. రెండూ ఒకే రసాయన వర్గానికి చెందిన పదార్థాలు.

వేరు తవ్వడంలోనే సగం విద్య ఉంది. మూడు నాలుగేళ్ళ వయసు మొక్క వేరులో రంగు సమృద్ధిగా ఉంటుంది. చెట్టు ముదిరిన కొద్దీ వేరు లావై, కొయ్యబారి, రంగు తగ్గుతుంది. సన్నని వేళ్ళకే ఆదరణ ఎక్కువ. వాటి పట్టను ఎండబెట్టి, దంచి పొడి చేస్తారు.

నూలును అద్దకానికి సిద్ధం చేయడం అంతకంటె దీర్ఘమైన పని. పత్తిపోగు తనంతట తాను ఈ రంగును పట్టుకోదు. అందుకని నూలు చిలపలను ఆముదంలోను, కట్టెబూడిద తేటనీటిలోను, పేడనీటిలోను నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మరల నానబెడతారు. ఈ వరుస రోజుల తరబడి సాగుతుంది. నూనె, క్షారం కలిసి పోగులోపలికి ఇంకి రంగుకు ఆధారాన్ని ఏర్పరుస్తాయి. ఆ తరువాత వేరుపొడి కలిపిన నీటిలో నూలును ఉడికించి ఆరబెడతారు. కావలసిన గాఢత వచ్చేవరకు దీనినే మళ్ళీమళ్ళీ చేస్తారు. మొత్తం మీద నెల రోజులు పట్టడం మామూలే. ముదురు గోధుమ, నలుపు ఛాయలు కావాలంటే అన్నభేది చేరుస్తారు. ఇనుము తగలగానే ఎరుపు నలుపు వైపునకు తిరుగుతుంది. ఈ అద్దకం పని కోట్‌పాడ్‌లో ఎక్కువగా స్త్రీలదే. మగ్గం పురుషులది.

వేరు వయసు, పొడి పాళ్ళు, నీటి స్వభావం, ఎండ తీవ్రత, ఎన్నిసార్లు ముంచారన్న లెక్క, వీటిలో ఏది మారినా ఛాయ మారుతుంది. ఒకే ఇంట ఒకే నెలలో అద్దిన రెండు చిలపలు సైతం అచ్చంగా ఒక్కలాగే ఉండవు. పాటాలోని మూడు రంగులను ఎవరూ ఏ చిత్రం నుంచీ ఏరుకోలేదు. అడవిలో దొరికిన వేరు, ఇంట్లో ఉన్న నూనె, బూడిద, ఇనుము కలిసి వాటిని నిర్ణయించాయి.

నమూనా పుస్తకాల యుగం

భారతీయ వస్త్రాల రంగులు యూరపును ఆకర్షించినది మొదట కోరమండల్ తీరంలో. మచిలీపట్నం చీటి గుడ్డల ఎరుపునకు కృష్ణా ముఖద్వార ప్రాంతంలో పండే చిరివేరు కారణమని 17వ శతాబ్దపు వర్తకులకు తెలుసు. విదేశీయులు పెటపోలి అని వ్రాసిన నేటి నిజాంపట్నం ప్రాంతపు వేరుకు అప్పట్లో గొప్ప పేరు. ఆ ఎరుపు రహస్యాన్ని గ్రహించాలన్న ఆతృతతో ఫ్రెంచివారు రెండు ముఖ్యమైన ప్రయత్నాలు చేశారు. 1734 ప్రాంతంలో బోల్యూ అనే నౌకాధికారి పుదుచ్చేరిలో అద్దకందారుల పక్కన నిలిచి, పని ఒక్కొక్క దశ ముగిసినప్పుడల్లా ఒక్కొక్క గుడ్డముక్క కత్తిరించి, వివరణతో సహా భద్రపరిచాడు. 1742లో జెస్విట్ మతాచార్యుడు కేర్దూ ఆ పద్ధతిని స్థానిక అద్దకందారులను అడిగి తెలుసుకొని లేఖగా వ్రాసి పంపాడు. ఈ కేర్దూ తెలుగు నేర్చి, నిఘంటువు కూర్చినవాడు కూడా. ఇరువురి ఉద్దేశమూ స్వదేశపు పరిశ్రమకు మేలు చేయడమే. అయినా వారి వ్రాతలు నేటికీ విలువైనవే. రంగుతో పాటు అది పుట్టిన క్రమాన్ని వారు నమోదు చేశారు.

19వ శతాబ్దంలో దృష్టి మారింది. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనలో భారతీయ వస్త్రాల వర్ణమేళనం అక్కడి రూపశిల్పులను చకితులను చేసింది. వారిలో ఒకడైన ఓవెన్ జోన్స్ 1856లో వెలువరించిన ‘గ్రామర్ ఆఫ్ ఆర్నమెంట్’ గ్రంథంలో భారతీయ అలంకారాలను రంగుల శిలాముద్రణలో అచ్చువేశాడు. వస్తువు నుంచి విడదీసిన రంగులూ ఆకృతులూ పుట పుటా పేర్చి, రూపకర్తల ముందు పెట్టిన ఆ పుస్తకం ఇప్పటి వర్ణపట్టికలకు పూర్వరూపం అనవచ్చు.

ఇండియా ఆఫీసు ఉద్యోగి జాన్ ఫోర్బ్స్ వాట్సన్ 1866లో చేసిన పని ఇంకా విస్తృతమైనది. భారతీయ వస్త్రాల నుంచి కత్తిరించిన 700 నమూనాలను 18 సంపుటాలుగా కూర్చి, అటువంటి ప్రతులను 20 తయారు చేయించాడు. వాటిలో 13 బ్రిటన్‌లోని పారిశ్రామిక కేంద్రాలకు, 7 భారతదేశానికి కేటాయించారు. భారతీయులు ఏ రంగులు, ఏ అంచులు, ఎంత పొడవు వెడల్పులు కోరుకుంటారో ఇంగ్లండు మిల్లులకు తెలియజెప్పడమే వాటి ప్రయోజనమని ఆయన దాచకుండానే చెప్పాడు. ఆ పుటలలో బట్టముక్క ఉంది, కొలతలు ఉన్నాయి, ధర ఉంది. ఏ వేరు, ఏ నూనె, ఎన్ని రోజులు అన్న వివరానికి అందులో చోటు దక్కలేదు.

ఈ లోటు కొంతమేర తీర్చినవాడు థామస్ వార్డిల్. లీక్ పట్టణంలో అద్దకపు కర్మాగారం నడిపిన వార్డిల్‌కు 1875లో భారతీయ వర్ణద్రవ్యాలను పరీక్షించే బాధ్యత అప్పగించారు. దేశం నలుమూలల నుంచి తెప్పించిన వేళ్ళు, బెరళ్ళు, పూలతో పట్టు మీద, నూలు మీద, ఉన్ని మీద ఆయన వేలకొలది నమూనాలు అద్ది చూపాడు. విలియం మారిస్ ప్రాకృతిక వర్ణాల అద్దకం నేర్చినది కూడా ఆ కర్మాగారంలోనే.

కానీ అప్పటికే కాలం మించిపోయింది. 1868లో గ్రేబే, లీబెర్‌మన్ అనే జర్మను శాస్త్రజ్ఞులు అలిజరిన్‌ను ప్రయోగశాలలో సృష్టించారు. మరుసటి సంవత్సరమే దాని పారిశ్రామిక ఉత్పత్తికి హక్కులు నమోదయ్యాయి. నెల రోజుల పనిని కొద్ది రోజులకు కుదించే ఈ రంగు చౌకగా వచ్చి చిరివేరు సాగును, మైదాన ప్రాంతాల తొగరు సాగును క్రమంగా తుడిచిపెట్టింది. నేటికీ మచిలీపట్నం, పెడన అద్దకాలలో ఎరుపునకు వాడేది అలిజరినే.

బస్తరులో వేరు నిలిచిపోవడానికి కారణాలు ఉన్నాయి. రైలుమార్గాలకు దూరమైన ప్రాంతం కావడం ఒకటి. చెట్టు సమీపంలోనే లభించడం మరొకటి. అన్నిటికంటె ముఖ్యం కొనుగోలుదారు. మచిలీపట్నపు బట్ట సముద్రాల అవతలి అంగడిని నమ్ముకున్నది. అక్కడి అభిరుచి, ధర మారితే దానికి దిక్కులేదు. పాటాను కొనేవాడు పొరుగుపల్లెవాడే. కూతురి పెళ్ళికి ఫలానా వేరుతో అద్దిన బట్టే కావాలని పట్టుబట్టగలవాడు ఆయనే.

రంగు లేని ఛాయాచిత్రాలు

20వ శతాబ్దంలో బస్తరు ప్రపంచానికి తెలిసినది ఎక్కువగా మానవశాస్త్ర గ్రంథాల ద్వారా. సంస్థాన పరిపాలకుడుగా పనిచేసిన డబ్ల్యు.వి. గ్రిగ్సన్ 1938లో మాడియా గోండుల మీద, వెరియర్ ఎల్విన్ 1947లో మురియాల ఘోటుల్ వ్యవస్థ మీద బృహద్గ్రంథాలు వెలువరించారు. ఎల్విన్ 1951లో మధ్యభారత ఆదివాసీ కళపై ప్రత్యేకంగా మరొక పుస్తకం ప్రచురించాడు. ఛాయాచిత్రకారుడు సునీల్ జానా కూడా ఎల్విన్‌తో కలిసి బస్తరులో తిరిగి చిత్రాలు తీశాడు. ఇవి అమూల్యమైన చారిత్రకాధారాలు. అయితే ఆ ఛాయాచిత్రాలు నలుపు తెలుపులలో ఉన్నవి. తొగరు ఎరుపు వాటిలో ఒకానొక ముదురు బూడిదరంగు మాత్రమే. ఆ కాలపు పాటా ఎరుపు ఎటువంటిదో తెలుసుకోగోరే పరిశోధకునికి ఆ చిత్రాలు తోడ్పడవు. అలనాటి బట్ట దొరకాలి, లేదా అదే పద్ధతిలో నేడు అద్దేవారు దొరకాలి.

గణకయంత్రం ఏరిన రంగులు

రంగుల ఛాయాచిత్రం, కంప్యూటరు వచ్చాక ఈ ఇబ్బంది తీరినట్టే కనిపిస్తుంది. కంప్యూటరు దృష్టిలో చిత్రం అంటే లక్షలాది చుక్కల సముదాయం. ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంశాలను తెలిపే మూడు సంఖ్యలు ఉంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉండవచ్చు కాబట్టి సాధ్యమైన రంగులు 1,67,77,216. ఇన్నింటి నుంచి ఐదారింటిని ఏరడానికి గణితజ్ఞులు కొన్ని పద్ధతులు కనుగొన్నారు. పరస్పరం దగ్గరగా ఉన్న రంగులను గుంపులుగా చేర్చి, ప్రతి గుంపు సగటును దాని ప్రతినిధిగా ప్రకటించడం ఒకటి. దీని మూలసూత్రాన్ని స్టువర్ట్ లాయిడ్ 1957లోనే రూపొందించాడు. రంగుల రాశిని సగానికి సగంగా కోస్తూ పోవడం మరొకటి. దానిని పాల్ హెక్‌బర్ట్ 1982లో ప్రచురించాడు. తక్కువ రంగులు మాత్రమే చూపగల ఆనాటి తెరల మీద చిత్రాన్ని ఉన్నంతలో సరిగా చూపడం హెక్‌బర్ట్ లక్ష్యం. రూపకర్తలకు వర్ణపట్టిక కావడం ఆపై వచ్చిన ఉపయోగం.

పాటా ఛాయాచిత్రానికి ఈ గణితాన్ని అన్వయిస్తే మూడు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది వెలుతురుది. కోరా నూలు నడిమధ్యాహ్నం ఒకలా, సాయంసంధ్యలో మరొకలా కనిపిస్తుంది. కన్ను ఆ తేడాను సర్దుకుంటుంది. కెమెరా తన అంచనా మేరకు దిద్దుతుంది. చివరకు పట్టికలో తేలేది బట్ట రంగు, ఆనాటి వెలుగు కలిసిన సంఖ్య.

రెండవది సగటుది. ఎరుపు పోగూ తెలుపు పోగూ అల్లుకున్నచోట యంత్రానికి కనిపించేది ఆ రెండింటి మిశ్రమం. ఫలితంగా ఏ పణికా గృహిణీ ఏనాడూ అద్దని ఒక గులాబిఛాయ గోధుమరంగు పట్టికలో చోటు సంపాదించుకుంటుంది.

మూడవది విస్తీర్ణానిది. ఎక్కువ చోటు ఆక్రమించిన రంగుకే గణితం పెద్దపీట వేస్తుంది. వెడల్పైన కోరా తెలుపు నాలుగైదు ఛాయలుగా చీలి పట్టికను నింపవచ్చు. కొంగు మీద సన్నని నల్లగీత లెక్కలోకి రాకుండా పోవచ్చు. కట్టుకునేవారికి ఆ గీతే ముఖ్యం. అది ఎవరి బట్టో, ఏ సందర్భానిదో చెప్పేది అంచూ కొంగే గదా.

ఈ చిక్కులు యంత్రాన్ని నిందించడానికి చెప్పినవి కావు. తెల్లని ప్రమాణఫలకం పక్కన ఉంచి, స్థిరమైన వెలుగులో చిత్రం తీసి, అంచును, నడిమిభాగాన్ని, కొంగును వేరువేరుగా విశ్లేషిస్తే చాలావరకు సరిదిద్దుకోవచ్చు. అలా సరిదిద్దినా పట్టిక చెప్పగలిగేది ఒక్క విషయమే: ఈ బట్ట ఈనాడు ఈ రంగులో ఉంది అని. ఫోర్బ్స్ వాట్సన్ సంపుటాలు చెప్పినదీ అంతే.

నమోదు చేయవలసినది

కోట్‌పాడ్ చేనేతకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఒరిస్సాలో ఆ గుర్తింపు పొందిన తొలి వస్తువు అదే. అక్కడి నేతకళాకారుడు గోవర్ధన్ పణికాకు 2018లో పద్మశ్రీ ప్రకటించారు. ఇవి హర్షించదగిన పరిణామాలు. కానీ భౌగోళిక గుర్తింపు కాపాడేది ఒక ప్రాంతపు పేరును, ఆ పేరుతో అమ్మే వస్తువును. ఛాయాచిత్రం నుంచి తీసిన మూడు సంఖ్యలను వేరొక పేరుతో మిల్లుబట్ట మీద అచ్చువేసేవానిని ఆపే శక్తి దానికి లేదు. ఆ మిల్లుబట్ట బస్తరు సంతకే తిరిగి వచ్చి పాటాతో పోటీ పడితే, నెల రోజుల శ్రమ ధరలో దానికి సరితూగలేదు. మచిలీపట్నంలో అలిజరిన్ చేసిన పని అదే.

మరొక ఇబ్బంది చెట్టుది. పువ్వో కాయో కోసినట్టు కాదు, వేరు తీస్తే మొక్కకు దెబ్బ. దాని స్థానంలో నాటిన మొక్క అక్కరకు రావడానికి మూడు నాలుగేళ్ళు కావాలి. తొగరు నాటడం అటవీశాఖ పని. మగ్గాల సంక్షేమం చేనేత శాఖది. బట్టను భద్రపరచడం మ్యూజియంలది. ఈ ముగ్గురి దస్త్రాలు ఒకచోట చేరితేగాని ఒక చిలప నూలుకు రంగు రాదు.

సాంస్కృతిక సంస్థలు నేడు వస్త్రసంపదను కంప్యూటరులో భద్రపరిచే పని పెద్దయెత్తున చేపడుతున్నాయి. అందులో రంగుల సంఖ్యలు ఉండవలసిందే. వాటి పక్కన బోల్యూ చేసినట్టు ఒక్కొక్క దశలోని నూలుపోగును కూడా చేర్చాలి. కోరా నూలు, నూనె పట్టిన నూలు, మొదటి ముంపు, ఆఖరి ముంపు, అన్నభేది తగిలిన నూలు విడివిడిగా ఉండాలి. వేరు ఎన్నేళ్ళది, ఎంత లావుది, ఏ నీటిలో ఉడికింది, ఎన్నాళ్ళు పట్టింది అన్న వివరాలు ఆ అద్దకం చేసిన స్త్రీ మాటల్లోనే, ఆమె అనుమతితో, ఆమె పేరుతో వ్రాసి ఉంచాలి. ఈ పని చేయడానికి కొత్త సాంకేతిక విజ్ఞానమేదీ అక్కరలేదు. 1734లో సాధ్యమైనది నేడు అసాధ్యం కాబోదు. అద్దేవారు ఉండగానే చేయాలన్నది ఒక్కటే నియమం.